క్రాసీ రోడ్: మనల్ని అడిగి ప్రకటన చూపించే ఆట

ఉచితంగా దొరికే మొబైల్ ఆట బాగుందా లేదా అని తేల్చేటప్పుడు బొమ్మల అందం ఒక్కటే చూస్తే సరిపోదు. అందులో ప్రకటన ఏ క్షణంలో వస్తోంది, ఎవరి ఇష్టం మీద వస్తోంది అన్నది కూడా చూడాలి. ఆ లెక్కన, ఆస్ట్రేలియాకు చెందిన హిప్‌స్టర్ వేల్ సంస్థ 2014 నవంబరులో విడుదల చేసిన క్రాసీ రోడ్‌ను ఇప్పటికీ మెచ్చుకోవలసిందే.

ఆట చాలా చిన్నది. ఒక కోడి రోడ్లు, రైలు పట్టాలు, ఏట్లో తేలే దుంగలు దాటుకుంటూ పోవాలి. ఎక్కడైనా తాత్సారం చేస్తే గద్ద వచ్చి తన్నుకుపోతుంది. సాయంత్రం వేళ బెంజి సర్కిల్ దగ్గర (ఫ్లైఓవర్ వచ్చిన తరువాత కూడా) కాలినడకన అవతలికి చేరడం అలవాటైన విజయవాడ వాసులకు నియమాలు వేరే చెప్పనక్కరలేదు.

అసలు నేర్పు కోడి చచ్చాక కనిపిస్తుంది. ఆట ఎలాగూ ఆగింది, స్కోరు తెర మీద ఉంది. అప్పుడు, వీడియో చూస్తే నాణేలు ఇస్తామంటూ ఒక బటన్ వస్తుంది. దానిని నొక్కితేనే ఆ వీడియో మొదలవుతుంది, లేకపోతే మళ్లీ ఆటలోకి వెళ్లిపోవచ్చు. 100 నాణేలు పోగైతే ఆటలోనే ఉండే బహుమతుల యంత్రంలో వేసి, కోడికి బదులు ఆడించుకునే కొత్త బొమ్మను గెలుచుకోవచ్చు. బొమ్మతో రూపమో పరిసరాలో మారతాయి తప్ప ఆట సులువు కాదు కనుక, డబ్బు పెట్టి బొమ్మలు కొన్నవారికీ కొననివారికీ మధ్య పోటీలో తేడా రాదు. ఈ పద్ధతి గిట్టుబాటు కాదేమో అనుకునేవారికి సమాధానం 2015లోనే దొరికింది: తొలి మూడు నెలల్లో సుమారు 5 కోట్ల డౌన్‌లోడ్లు, కోటి డాలర్ల రాబడి వచ్చాయనీ, అందులో 30 లక్షల డాలర్లు యూనిటీ అనే సంస్థ ప్రకటనల సేవ ద్వారా చూపిన వీడియో ప్రకటనలవేననీ నిర్మాతలు వెల్లడించారు.

ఇష్టపడి చూసేవారు వీడియోను చివరిదాకా చూస్తారు కాబట్టి, తెర అడుగున అంటించిన బ్యానర్ కన్నా దీనికి ప్రకటనదారులు ఎక్కువ చెల్లిస్తారు. అయితే వెయ్యి వీక్షణలకు అమెరికాలో పలికే ధర మన దేశంలో పలకదు. ఆ లోటును సంఖ్యతో పూడ్చుకుందామని లెవెల్ లెవెల్‌కీ ప్రకటన దూర్చే ఆటలు కోకొల్లలు. గుంటూరు వెళ్లే రైల్లో నేను ఆడిన ఒక పజిల్ ఆటలో మూసే గుర్తు మూలన కనీకనిపించకుండా ఉండి, వేలు కాస్త పక్కకు జరిగితే చాలు, ప్లే స్టోర్ తెరుచుకునేది. మనం కోరకుండా వచ్చి, 15 సెకన్ల తరువాత కూడా మూయనివ్వని నిండు తెర ప్రకటనలను గూగుల్ 2022 సెప్టెంబరు 30 నుంచి నిషేధించింది గాని, మూసే గుర్తును వెతుక్కునే బాధ మాత్రం నాకు తప్పలేదు.

క్రాసీ రోడ్‌లోనూ నాకు నచ్చనిది ఒకటుంది. యంత్రం ఒక్కోసారి మన దగ్గర ఉన్న బొమ్మనే మళ్లీ ఇస్తుంది. ప్రకటనలు చూసి కూడబెట్టిన నాణేలకు ఆ ఫలం దక్కితే పెద్దవారు నవ్వుకుని ఊరుకుంటారు, పిల్లలు మాత్రం నచ్చిన బొమ్మను నేరుగా కొనిపెట్టమని పట్టుబడతారు. అందువల్ల పిల్లల చేతికిచ్చే ఫోన్‌లో ఈ ఆట ఎక్కించేవారు, ప్రతి కొనుగోలుకూ పాస్‌వర్డ్ అడిగేలా ప్లే స్టోర్‌లో ముందే అమర్చుకోవడం మంచిది.