తేదీల బైబిల్: ఒంటరిగా చదివేవారికి సరే, కుటుంబ ప్రార్థనకు కష్టమే

ఈ పుస్తకం మీద నాకున్న కోపమంతా ఒక్కదాని మీదే: పేజీ నెత్తిన అచ్చయిన తేదీ.

బైబిల్ మొత్తాన్ని 365 భాగాలు చేసి, జనవరి 1 నుంచి డిసెంబరు 31 దాకా పేర్చిన పుస్తకాలు చాలా ఇళ్లలో ఉన్నవే. రోజుకు పాత నిబంధన కొంత, కొత్త నిబంధన కొంత, ఒక కీర్తన, రెండు మూడు సామెతలు. అట్ట ఎలా ఉంది, ఎన్ని పేజీలు అన్న సంగతులు వదిలేస్తున్నాను. కుటుంబ ప్రార్థనకూ, సొంత ధ్యానానికీ, వాక్య అధ్యయనానికీ ఇదొక్కటే చాలనుకుని కొన్నేళ్లు వాడితే ఎక్కడ నిలబడింది, ఎక్కడ చేతులెత్తేసింది అన్నదే ఇక్కడి విషయం.

ముందు లెక్క చూడండి. కీర్తనలు, సామెతలు పక్కన పెడితే పాత నిబంధనలో మిగిలేవి 19,700కు పైగా వచనాలు. రోజుకు 54 పడతాయి. కొత్త నిబంధన నుంచి 22, కీర్తనలు ఏడాదిలో రెండుసార్లు వచ్చేలా పేర్చారు కాబట్టి 13, సామెతలు రెండో మూడో. మొత్తం తొంభై పైచిలుకు. ఒక్కరే మౌనంగా చదువుకుంటే ఇబ్బంది లేదు. అందరూ కూర్చుని బయటికి చదివి, చిన్నవాళ్లు అడిగినచోట ఆగి, ఒక పాట పాడి, ప్రార్థన చేసి లేవాలంటే మాత్రం ఇది పెద్ద మోతాదు. జ్వరమో ప్రయాణమో వచ్చి నాలుగు రోజులు తప్పాయా, బాకీ దాదాపు 370 వచనాలు!

ఈ బాకీ దగ్గరే అసలు చిక్కు. మామూలు బైబిల్లో అయితే రిబ్బను ఎక్కడ ఉంటే అక్కడి నుంచి మళ్లీ మొదలుపెడతాం, ఎన్ని రోజులు తప్పాయో ఎవరికీ పట్టదు. తేదీల బైబిల్లో పేజీ తెరిచీ తెరవగానే "ఇవాళ 14, మనం ఇంకా 10లోనే ఉన్నాం" అని ఇంటిల్లిపాదికీ తెలిసిపోతుంది. ఇక అక్కడి నుంచి మూడు దారులు. ఒకటి, ఆదివారం కూర్చుని అంతా ఒక్కసారే లాగించెయ్యడం. అది సంఖ్యాకాండము 7 దగ్గర పడిందంటే 89 వచనాలు. పన్నెండు గోత్రాల ప్రధానులు తెచ్చిన ఒకే రకం అర్పణలు పన్నెండు సార్లు. చదివేవారి గొంతు పరుగెడుతుంది, వినేవారి మనసు ఎప్పుడో లేచిపోతుంది. రెండోది, తప్పినవి వదిలేసి ఇవాళ్టి తేదీకి దూకడం. ఉపదేశ భాగాల్లో ఇది చెల్లుతుంది. కథలో చెల్లదు: యోసేపును గోతిలో పడేసిన రోజు తర్వాత చెరసాలలో కలలకు అర్థం చెప్పే రోజు వస్తే పిల్లలు ఊరుకోరు. మూడోది, ఎక్కువ ఇళ్లలో జరిగేది, మార్చి వచ్చేసరికి పుస్తకం అలమారలోకి వెళ్లిపోవడం. బలులు, శుద్ధి నియమాలతో నిండిన లేవీయకాండము ఫిబ్రవరి చివర్లో మొదలవుతుంది గనక నింద దాని మీద వేస్తారు. నన్నడిగితే లేవీయకాండము తప్పేమీ లేదు. ఏడాది మొత్తంలో ఒక్క ఖాళీ రోజు కూడా ఉంచని అమరికదే తప్పు.

తప్పిపోయిన రోజుల సంగతి పాతవాళ్లకు తెలియనిదేం కాదు. స్కాట్లాండులోని డండీలో పాస్టరుగా ఉన్న రాబర్ట్ మర్రే మెక్‌షేన్ 1842లో తన సంఘానికి ఇచ్చిన చదువు పట్టికలో, ఇది కొందరికి మోయలేని కాడి కావచ్చని తానే హెచ్చరించాడు. ఆ పట్టికలో మెచ్చుకోవలసింది ఇంకొకటి ఉంది: రోజుకు నాలుగు అధ్యాయాల్లో రెండు కుటుంబంతో, రెండు ఏకాంతంగా చదవమని విడదీశాడు. జనవరి 1న కుటుంబానికి ఆదికాండము 1, మత్తయి 1. ఏకాంతానికి ఎజ్రా 1, అపొస్తలుల కార్యములు 1. నా చేతిలోని పుస్తకంలో ఆ విడదీత లేదు. అందరికీ అన్నీ ఒకే పేజీలో. (మెక్‌షేన్ పట్టికలోనూ న్యాయాధిపతులు 19 కుటుంబం వరుసలోనే వస్తుంది. అందులో ఉన్నది ఒక స్త్రీపై అత్యాచారం, ఆమె చావు. ఆ అధ్యాయాన్ని ఎనిమిదేళ్ల పిల్ల ముందు బయటికి చదవడం ఎలాగో ముందే ఆలోచించుకోవాలి.)

యోసేపు కథ మధ్యలో వచ్చే ఆదికాండము 38, యూదా తన కోడలు తామారుతో శయనించిన అధ్యాయం, కూడా అలాంటిదే. తేదీల పేజీ దాన్ని దాటనివ్వదు. దాటితే రోజు సగం ఖాళీ.

ఇక ఆశ్చర్యపరిచిన మంచి ఒకటుంది: సామెతలు. రోజుకు రెండు మూడే వచనాలు కావడంతో ఇంట్లో అతి చిన్నవారికి చదివే వంతు దొరుకుతుంది, నోటికి వచ్చేస్తాయి కూడా. కుటుంబ పఠనంలో ఈ పుస్తకం నిజంగా గెలిచింది ఇక్కడే. అయితే ఈ మెప్పు 10వ అధ్యాయం నుంచే. అక్కడి నుంచి దాదాపు ప్రతి వచనం దేనికదే నిలబడుతుంది. మొదటి తొమ్మిది అధ్యాయాల 256 వచనాలు తండ్రి కుమారునికి చెప్పే పొడుగాటి మాటలు. వాటిని రెండు మూడేసి చొప్పున కోస్తే వాక్యం మొదలు ఒక రోజు, ముగింపు మరుసటి రోజు. పైగా 5 నుంచి 7 దాకా ఎక్కువగా ఉన్నది జారస్త్రీ గురించిన హెచ్చరిక. అది ఏడాది తొలి నెలల్లోనే, చిన్నవారి వంతుకే పడుతుంది. కీర్తనల్లో 119ని 16 వచనాల చొప్పున కోశారు, అందులోని ఎనిమిదేసి వచనాల భాగాలు మధ్యలో తెగలేదు. ఆ శ్రద్ధ 72 వచనాల 78వ కీర్తనకు దక్కలేదు.

అధ్యయనానికైతే దీన్ని నమ్ముకోకండి. మార్కు 1:44లో యేసు బాగుపడిన కుష్ఠరోగిని యాజకునికి కనబడమని, మోషే నియమించినవి అర్పించమని అంటాడు. ఆ నియమం ఉన్నది లేవీయకాండము 14లో. ఈ అమరికలో రెండూ పక్కపక్క వారాల్లోనే వస్తాయి, కానీ లేవీయకాండము 14 వచ్చేసరికి మార్కు 1 దాటిపోయి ఉంటుంది. ఒక దాని నుంచి రెండోదానికి దారి చూపే రిఫరెన్సులేమో పేజీలో లేవు. సాదా రిఫరెన్స్ బైబిల్ ఈ పని చిన్న అక్షరాల్లో చేసేస్తుంది. ప్రసంగంలో యెషయా 53 తియ్యమంటే కూడా తంటాయే. అది అక్టోబరులో ఎక్కడో ఉంటుంది, వెనకాల పట్టిక చూసి తేదీ పట్టుకునేలోగా చదవడం అయిపోతుంది. ఒకవేళ దొరికినా, బాధలు పడే సేవకుని గురించిన ఆ భాగం నిజానికి 52:13 దగ్గర మొదలవుతుంది. నా ప్రతిలో ఆ మూడు వచనాలు ముందు రోజు పేజీలో ఉండిపోయాయి.

అచ్చు గురించి ఒక్క మాట. కీర్తనలు రెండుసార్లు వేయడంతో పుస్తకం లావెక్కుతుంది. దాన్ని తగ్గించడానికి కాగితం పలచన చేసి, వరుసలు దగ్గరికి జరుపుతారు. తెలుగుకు ఇది గిట్టదు. పై వరుస వత్తు కింది వరుస గుడికి తగిలితే పెద్దవాళ్లు దీపం కింద చదవలేరు. కొనేముందు "స్త్రీ", "క్రీస్తు" లాంటి మాటలు ఉన్న పేజీ ఒకటి చేయి చాచి పట్టుకుని చూడండి. వెనక పేజీ అక్షరాలు నీడలా కనిపిస్తే ఆ ప్రతి కుటుంబ ప్రార్థనకు పనికిరాదు.

రోజుకో వచనం, కింద చిన్న ధ్యానం ఉండే అనుదిన ధ్యాన పుస్తకాల మీద కూడా తేదీ ఉంటుంది కదా అనవచ్చు. వాటిలో ఏ పేజీకి ఆ పేజీ విడి. నాలుగు రోజులు తప్పినా బాకీ ఉండదు. వరుసగా చదవాల్సిన గ్రంథానికి తగిలించినప్పుడే తేదీ బరువవుతుంది.

ఇప్పటికే కొన్నవారు పారేయక్కర్లేదు. తేదీ మీద పెన్సిలుతో 1, 2, 3 అని వరుస సంఖ్య వేసుకోండి, ఆగినచోటి నుంచి మొదలుపెట్టండి. కుటుంబంతో కీర్తన, సామెత మాత్రం చదివి, పాత నిబంధన భాగం ఎవరికి వారు చదువుకోండి. కొత్త నిబంధనకు మాత్రం మామూలు బైబిల్ తెరవడం మేలు: 260 అధ్యాయాలు, వారానికి ఐదు రోజులు, రోజుకు ఒకటి. 52 వారాల్లో సరిగ్గా అయిపోతుంది, వారానికి రెండు రోజులు ఖాళీగా మిగులుతాయి.

కొత్తగా కొనేవారికి నా మాట ఇంట్లో ఎవరున్నారన్న దాన్ని బట్టి మారుతుంది. ఒక్కరే ఉండి, రోజూ ఒకే వేళకు కూర్చునే అలవాటు ముందే ఉంటే తీసుకోవచ్చు. ఎక్కడ చదవాలన్న వెతుకులాట ఉండదు, ఏడాదిలో అంతా పూర్తవుతుంది. ఇంట్లో పదేళ్ల లోపు పిల్లలో, వేళాపాళా లేని ఉద్యోగాలో ఉంటే, వత్తులు విడిగా కనిపించే రిఫరెన్స్ బైబిల్ ఒకటి, అందులో పెట్టుకోవడానికి తేదీల్లేని పట్టిక ఒకటి చాలు. వయసు మళ్లినవారు, చదివినదే మళ్లీ చదవడంలో సంతోషించేవారు ఉన్న ఇళ్లలో ఇది ఎలా నడుస్తుందో నేను చెప్పలేను. బహుశా నాకంటే బాగానే నడవచ్చు.