పాత బుల్లెట్ 350కి ఫుల్ ఇంజన్ కిట్: పెట్టెలో ఉన్నదంతా ఇంజన్‌లోకి పోనివ్వకండి

పోత ఇనుప సిలిండర్ ఉన్న పాత బుల్లెట్ 350కి 'ఫుల్ ఇంజన్ కిట్' అని పెట్టెల్లో అమ్ముతుంటారు. పిస్టన్, రింగులు, పిన్, దాని లాకులు, రెండు వాల్వులు, గైడ్లు (వాల్వు కాడ కదిలే గొట్టాలు), స్ప్రింగులు, కనెక్టింగ్ రాడ్, క్రాంక్ పిన్, బిగ్ ఎండ్ (రాడ్ కింది కొస) బుష్, సీళ్ళు, ప్యాకింగుల సెట్టు. ఏ తయారీదారుదైనా కాస్త అటూ ఇటుగా లోపలి సరుకు ఇదే. అసలు కంపెనీ పార్టుల సంగతి వేరు. ఇక్కడ మాట్లాడుతున్నది విడిగా తయారై వచ్చే కిట్ల గురించి. మా లెక్కలో వీటికి అయిదుకి మూడున్నర. తగ్గిన ఒకటిన్నర ఎక్కడ పోయిందో చెప్పాలంటే ఒక్కో భాగాన్నీ పెట్టెలోంచి తీసి కొలవాల్సిందే.

ముందు లేబుల్ సంగతి. 'అన్ని 350లకీ సరిపోతుంది' అని రాసి ఉంటే నమ్మకండి. ఈ బండి 1955 నుంచి మద్రాసులో తయారవుతూ వచ్చింది. సిలిండర్ బోరు 70 మి.మీ., స్ట్రోకు 90 మి.మీ., మొత్తం 346 సి.సి. అన్న లెక్క మారకపోయినా చిన్న భాగాలు చాలాసార్లు మారాయి. అల్యూమినియం సిలిండర్‌తో వచ్చిన తర్వాతి ఇంజన్లకి ఈ కిట్ అసలు పనికిరాదు. అందుకే ఇంజన్ విప్పినప్పుడు వచ్చిన పాత సామాను బండి మళ్ళీ రోడ్డెక్కే దాకా పాత ఇనుము వాడికి వేయొద్దు. కొత్త భాగాన్ని పాతదాని పక్కన పెట్టి పొడవు, మందం, రంధ్రాల స్థానం సరిచూస్తే సగం తలనొప్పులు బల్ల మీదే తీరిపోతాయి.

పిస్టన్ ఈ కిట్లలో బాగుండే భాగమే. పొరపాటు జరిగేది దాని దగ్గర కాదు, బోరింగ్ దగ్గర. సిలిండర్‌ని ముందే పంపి 'తర్వాతి ఓవర్‌సైజుకి కొట్టండి', అంటే తర్వాతి పెద్ద సైజుకి బోరు పెంచండి అని చెప్పేస్తారు. అలా చేయకూడదు. ముందు పిస్టన్ చేతికి రావాలి. స్కర్టు (పిస్టన్ కింది గోడ) అడుగు భాగంలో, పిన్నుకి అడ్డంగా, మైక్రోమీటర్‌తో కొలవాలి. ఆ కొలతకి, పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఉండాల్సిన గ్యాప్ కలిపి సిలిండర్ బోర్ చేయించాలి. ఇనుప సిలిండర్‌లో అల్యూమినియం పిస్టన్‌కి 0.08 నుంచి 0.10 మి.మీ. దగ్గర ఉంచితే క్షేమం. పిస్టన్ తయారీదారు వేరే అంకె ఇస్తే దాన్నే పాటించండి. బిగుతుగా ఉంటే బండి షెడ్డులో చక్కగా స్టార్టవుతుంది, రోడ్డు మీద పావుగంట తిరిగాక పట్టేస్తుంది. వదులైతే చల్లగా ఉన్నప్పుడు పిస్టన్ గోడకి కొట్టుకుంటూ టకటకలాడుతుంది. రెండింట్లో ఒకటి తప్పదనుకుంటే ఆ టకటకే నయం.

హోనింగ్ (బోరు గోడని సానరాళ్ళతో సన్నగా గీసే పని) అయ్యాక సిలిండర్‌ని పెట్రోలుతో తుడిచి సరిపెట్టేవాళ్ళే ఎక్కువ. పెట్రోలు జిడ్డుని కడుగుతుంది గానీ గీతల్లో ఇరుక్కున్న రాతిపొడిని తీయదు. వేడినీళ్ళు, బట్టల సబ్బు, గట్టి బ్రష్షు కావాలి. ఆరగానే ఆయిల్ పూసి తెల్లగుడ్డతో తుడవాలి. గుడ్డకి బూడిదరంగు అంటినంత సేపూ మళ్ళీ కడగాలి. ఇది వదిలేస్తే కొత్త రింగులు సానబెట్టినట్టు అరిగిపోతాయి. ఆ తర్వాత తిట్లన్నీ కిట్టుకే.

రింగుల దగ్గర మార్కులు తగ్గించాం. పెట్టెలోంచి తీసిన రింగుని నేరుగా పిస్టన్‌కి ఎక్కించకండి. ఒక్కో రింగునీ సిలిండర్‌లో పెట్టి, పిస్టన్ తలతో 25 మి.మీ. లోతుకి తిన్నగా నెట్టి, రెండు కొసల మధ్య ఫీలర్ గేజ్ (సందు కొలిచే సన్నని రేకులు) పెట్టండి. 70 మి.మీ. బోరుకి 0.28 నుంచి 0.35 మి.మీ. ఉండాలి. తక్కువుంటే వేడికి కొసలు ఢీకొని రింగు విరుగుతుంది, లేదా గోడ మీద నిలువు గీత పడుతుంది. సన్నని ఆకురాయితో ఒకే కొసని, బయటి నుంచి లోపలికి రుద్ది సరిచేయొచ్చు. అర మి.మీ. దాటితే ఆ రింగు తిరిగి ఇచ్చేయండి, కలపడానికి మందు లేదు. గుర్తున్న ముఖం పైకి, గ్యాపులు మూడూ ఒకదానికొకటి 120 డిగ్రీల దూరంలో.

పిన్ లాకులు కిట్లో అతి చవకైన ముక్కలు, భయపెట్టేవి కూడా అవే. గాడిలో పెట్టాక వేలితో తిప్పితే సులువుగా తిరిగే లాకుని వాడొద్దు. బయటికొచ్చిన లాకు సిలిండర్ గోడని నిలువునా తవ్వేస్తుంది, బోరింగ్ ఖర్చంతా వృథా. మంచి స్ప్రింగు ఉక్కువి విడిగా తెచ్చుకోండి. నోరున్న వైపు పైకో కిందికో ఉండాలి, పక్కకి కాదు. ఒకసారి తీసినవి మళ్ళీ పెట్టొద్దు.

వాల్వులు, స్ప్రింగుల మీద పెద్ద ఫిర్యాదు లేదు. గైడ్లు మాత్రం హెడ్‌కి దిగ్గానే పని అయిపోయినట్టు కాదు. హెడ్‌ని వేడిచేసి గైడ్ దించాక లోపలి రంధ్రం కొంచెం బిగుసుకుంటుంది, రీమర్ (రంధ్రాన్ని కొలతకి కోసే పనిముట్టు) వేయాలి. ఎగ్జాస్ట్ వాల్వు వేడికి ఎక్కువ ఉబ్బుతుంది కాబట్టి ఆ గైడ్‌లో ఇన్లెట్ కంటే కాస్త ఎక్కువ వదులుండాలి. కొత్త గైడ్‌తో వాల్వు నడిగీత జరుగుతుంది, కాబట్టి సీటు మళ్ళీ కోయించాలి. ఉత్త పేస్టుతో రుద్దితే కుదరదు. పరీక్ష సులువు: వాల్వులు, స్ప్రింగులు బిగించి, హెడ్‌ని పక్కకి తిప్పి పోర్టులో పెట్రోలు పోయండి. పది నిమిషాల్లో వాల్వు చుట్టూ చెమ్మ కనబడకూడదు.

కింది భాగం విషయంలో మొహమాటం లేకుండా చెబుతాం: క్రాంక్ విప్పి, కొత్త పిన్ను, బుష్షు వేసి, తిన్నగా నిలబెట్టడం ఇంట్లో చేసే పని కాదు. బుల్లెట్ బిగ్ ఎండ్‌లో రోలర్లుండవు. కనెక్టింగ్ రాడ్‌కీ పిన్నుకీ మధ్య తేలుతూ తిరిగే బుష్ ఉంటుంది, అది బతికేది ఆయిల్ పొర మీదే. కిట్లో వచ్చిన బుష్ పిన్ను మీదా రాడ్‌లోనూ రెండు చోట్లా స్వేచ్ఛగా తిరగాలి. ఏదో ఒక వైపు పట్టుకుంటే కొలిచి సరిచేశాకే క్రాంక్‌ని నొక్కి కలపాలి. నొక్కాక క్రాంక్ రెండు కొసలనీ డయల్ గేజ్‌తో చూపించమని అడగండి. 0.05 మి.మీ. దాటి ఊగితే ఒప్పుకోవద్దు. సుత్తితో కొట్టి 'సరిపోయింది' అనే చోట క్రాంక్ ఇవ్వనే వద్దు.

ఇక ప్యాకింగుల కవరు. మార్కులు ఎక్కువ పోయింది ఇక్కడే. టైమింగ్ కవర్ (ఇంజన్ పక్క మూత) ప్యాకింగ్‌ని కేసు మీద పెట్టి చూడండి: ఆయిల్ దారుల రంధ్రాలన్నీ దానిలో ఉన్నాయా, ఉన్నవి సరిగ్గా ఎదురెదురుగా వస్తున్నాయా? ఒక్క రంధ్రం మూసుకుపోయినా బిగ్ ఎండ్ ఎండిపోతుంది. అదే కవర్ లోపల క్రాంక్ కొసకి ఆయిల్ అందించే చోట చిన్న కార్క్ సీల్ ఉంటుంది. కవర్‌ని చేత్తో ఆనించినప్పుడు ఆ కార్క్ వల్ల కొద్దిపాటి ఎడం మిగలాలి, స్క్రూలు బిగించాక అది నొక్కుకుపోవాలి. ఎడమే లేకుండా కవర్ కూర్చుంటే కార్క్ మందం చాలదు. అప్పుడు పంపు పంపిన ఆయిల్ క్రాంక్‌లోకి పోకుండా పక్కనుంచి జారిపోతుంది. బయటికి ఏ లక్షణమూ కనబడదు, కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత కింది నుంచి దడదడ వినబడేదాకా. కిట్లలో ఈ కార్క్ ఒకసారి సరైన మందంలో, ఇంకోసారి బిళ్ళలా పల్చగా వస్తుంది. ఇంత ముఖ్యమైన ముక్కని ఇంత అజాగ్రత్తగా కవర్లో పడేయడం మాకు మింగుడుపడదు.

లిక్విడ్ గ్యాస్కెట్‌ని (ప్యాకింగ్‌కి పూసే జిగురు) వెన్నలా పూయకండి. లోపలికి పిండుకొచ్చిన తీగ ఊడి పంపు నోట్లో పడుతుంది. రెండు ముఖాలూ శుభ్రంగా ఉంటే పల్చని పూత చాలు. ఎప్పుడూ మరిచిపోయే ఇంకో మూడు వస్తువులు: రాకర్లకి (వాల్వుల్ని నొక్కి తెరిచే చేతులు) వెళ్ళే ఆయిల్ పైపు రాగి వాషర్లు, ఆయిల్ ఫిల్టర్, క్రాంక్‌కేస్ గాలి బయటికి వదిలే బాతుముక్కు రబ్బరు. కిట్లో ఇవి లేకపోతే విడిగా కొనండి. ఆ రబ్బరు ఎండి మూసుకుపోతే లోపలి ఒత్తిడికి ఎంత మంచి ప్యాకింగ్ వేసినా ఆయిల్ కారుతుంది, జనం మాత్రం ప్యాకింగ్‌నే మళ్ళీ మళ్ళీ మారుస్తుంటారు.

ఇంజన్ బిగించాక స్టార్ట్ చేయాలన్న తొందర ఎంతుంటుందో అందరికీ తెలుసు. కిక్ రాడ్ మీద కాలు పెట్టేముందు ఒక గంట దీనికివ్వండి. 20డబ్ల్యూ50 ఆయిల్ నింపి, టైమింగ్ కవర్‌లోని ఫిల్టర్ గదిని కూడా ఆయిల్‌తో నింపండి. ఆ గది ఖాళీగా ఉంటే పంపు ముందు దాన్ని నింపాలి, ఆ తర్వాతే క్రాంక్‌కి చేరుతుంది. ప్లగ్ తీసేసి, తాళం ఆపేసి, ఫిల్టర్ మూత నట్టు కొంచెం వదులు చేసి కిక్ కొడుతూ ఉండండి. అక్కడ ఆయిల్ ఊరిందంటే పంపు పని చేస్తున్నట్టు. బిగించి, ఇంకొన్ని కొట్టండి. బుల్లెట్ పంపు నిదానం, పది కిక్కుల్లో ఏమీ తేలదు.

పాయింట్ల (ప్లగ్‌లో నిప్పురవ్వ పుట్టించే స్విచ్చు) గ్యాప్ 0.35 నుంచి 0.40 మి.మీ. టైమింగ్‌కి, అడ్వాన్స్ (వేగాన్ని బట్టి నిప్పురవ్వని ముందుకి జరిపే ఏర్పాటు) పూర్తిగా వెనక్కి ఉన్న స్థితిలో, పిస్టన్ పైకి చేరడానికి 0.8 మి.మీ. ముందు పాయింట్లు విడిపోవడం మొదలవ్వాలి. పాయింట్ల మధ్య పల్చని కాగితం పెట్టి లాగుతూ ఉంటే అది వదిలిన క్షణం తెలుస్తుంది, చిన్న బల్బు కలిపితే ఇంకా కచ్చితం. ముందుకి జరిగిపోతే కిక్ వెనక్కి తంతుంది, మడమ సంగతి చెప్పక్కర్లేదు. పుష్ రాడ్లు (రాకర్లని కిందినుంచి నెట్టే కడ్డీలు) చల్లటి ఇంజన్ మీద, పిస్టన్ కంప్రెషన్ పైన ఉన్నప్పుడు సెట్ చేయాలి: వేళ్ళతో తిప్పితే తిరగాలి, పైకీ కిందికీ ఆడకూడదు.

ఇప్పుడు స్టార్టింగ్. పెట్రోలు తెరిచి, చోక్ వేసి, తాళం తిప్పి అమ్మీటర్ చూస్తూ మెల్లగా కిక్ నొక్కండి. ముల్లు మైనస్ నుంచి మధ్యకి వచ్చి ఆగినచోట పాయింట్లు విడిపోయాయి. డీకంప్రెషన్ లివర్ (సిలిండర్‌లో ఒత్తిడి వదిలించే మీట) పట్టి కిక్‌ని ఇంకాస్త దాటించి, లివర్ వదిలి, కిక్ పైకి రానిచ్చి, అప్పుడు పూర్తి బలంతో ఒకటే తన్ను. టైమింగ్, కార్బురేటర్ సరిగా ఉంటే మూడు నాలుగు ప్రయత్నాల్లో అందుకోవాలి. అందుకోకపోతే ఇరవై తన్నులు తన్నే బదులు ప్లగ్ తీసి చూడండి. తడిగా ఉంటే పెట్రోలు ఎక్కువైంది, పొడిగా ఉంటే రావడం లేదు.

అందుకోగానే 'దబ్ దబ్' అని నెమ్మదిగా కొట్టనిచ్చి మురిసిపోవడం మొదటి తప్పు. ఐడిల్‌లో ఆయిల్ తక్కువ అందుతుంది, రింగులు గోడకి కుదరవు. మధ్యస్థ వేగంలో, పెంచుతూ తగ్గిస్తూ రెండు మూడు నిమిషాలు నడపండి. ఎదురుగా పెద్ద ఫ్యాన్ పెట్టండి. మొదటి నిమిషంలోనే రాకర్ ఆయిల్ పైపు బోల్టు కొంచెం వదులు చేయండి. అక్కడ ఆయిల్ ఊరకపోతే ఆ క్షణమే ఆపండి. మొదట్లో వచ్చే పొగ బిగించేటప్పుడు పూసిన ఆయిల్‌ది, అయిదారు నిమిషాల్లో తగ్గాలి. తగ్గకపోతే ఎప్పుడొస్తుందో గమనించండి. రేజ్ చేస్తుండగా నీలంగా వస్తే రింగులు, థ్రాటిల్ మూసి మళ్ళీ తెరిచినప్పుడు గుప్పున వస్తే గైడ్లు. పైనుంచి చిటుకు చిటుకు వినిపిస్తే పుష్ రాడ్లు, వాటితో బతకొచ్చు. కింది నుంచి బరువుగా దడ్ దడ్ అంటే మాత్రం ఇంకో విప్పుడుకి సిద్ధపడండి.

రాత్రంతా చల్లారనిచ్చి హెడ్ నట్లు మళ్ళీ బిగించి, ఆ వెంటనే పుష్ రాడ్లు చూడాలి. ఈ రెండోదాన్ని మరిచిపోతారు. ప్యాకింగ్ అణిగితే హెడ్ కిందికి దిగుతుంది, పుష్ రాడ్లు బిగుసుకుంటాయి, వాల్వు పూర్తిగా మూసుకోదు. నిన్న స్టార్టయిన బండి ఈ రోజు కంప్రెషన్ లేకుండా కిక్ జారిపోతోందంటే చాలాసార్లు కారణం ఇదే.

మొదటి 50 కిలోమీటర్లకే ఆయిల్ తీసేయండి. అందులో మెరుపు పొడి కొంత ఉంటుంది, బెంగ అక్కర్లేదు. ముక్కలుంటే బెంగ పడండి. తర్వాత 500 కిలోమీటర్ల వరకూ గంటకి 50 దాటొద్దు. అంతకంటే ముఖ్యం, నాలుగో గేర్‌లో ఎత్తు ఎక్కిస్తూ ఇంజన్‌ని మూలగనివ్వొద్దు. తక్కువ వేగంలో బరువు పడితే బుష్ చుట్టూ ఆయిల్ పొర పల్చబడుతుంది. పైకి వేగంగా తిరుగుతున్న ఇంజన్ కంటే ఇలా ఈడ్చుకుపోతున్న ఇంజన్‌లోనే కొత్త బిగ్ ఎండ్ త్వరగా పోతుంది. 500 దగ్గర ఆయిల్, ఫిల్టర్ రెండూ మార్చేటప్పుడు ఫిల్టర్ కాగితాన్ని కోసి విప్పి చూడండి. బుష్ మీద పూత లేచిందంటే ముందుగా కనబడేది ఆ మడతల్లోనే.