మేడ మీదికి వైరు లాగాకే డెకో సత్తా తెలిసింది

మాది కాకినాడలో రెండంతస్తుల ఇల్లు. ఫైబర్ బాక్సు కింద హాల్లో, నా ఆఫీసు పని మేడ మీద గదిలో, మధ్యలో స్లాబు. 300 ఎంబీపీఎస్ ప్లాను ఉండీ పైన వీడియో కాల్‌కి దిక్కులేదు. అందుకే టీపీ-లింక్ డెకో ఎం4 తెప్పించాం. ఇది మెష్ వైఫై, అంటే ఇంట్లో అక్కడక్కడా పెట్టిన పెట్టెలన్నీ కలిసి ఒకే వైఫైలా పనిచేస్తాయి. మాది మూడు పెట్టెల ప్యాకు.

మొదట వైరు లేకుండా పెట్టాం. పైన 90 దాకా వచ్చేది, పగలు ఇబ్బంది లేదు. సాయంత్రం అత్తయ్యగారు టీవీలో సీరియల్, మావాడు ట్యాబులో ఆట మొదలుపెడితే మాత్రం నా మాట అవతలివాళ్లకి ముక్కలుముక్కలుగా వినపడేది. డ్యూయల్ బ్యాండ్ (2.4, 5 గిగాహెర్ట్జ్ రేడియోలు ఒక్కోటి ఉన్న) మెష్ ఏదైనా అంతే. ఉన్న ఒక్క 5 గిగాహెర్ట్జ్ రేడియోనే ఇంట్లో టీవీకీ ఫోన్లకీ పనిచేయాలి, పై పెట్టెకి డేటా కూడా మోయాలి. పైగా అందరిదీ ఒకటే ఛానల్.

అందుకే పై పెట్టెకి వైరు లాగించాం. గోడలు పగలగొట్టే పని పడలేదు. కేబుల్ టీవీ కోసం ఎప్పుడో వేసిన పైపు ఉంది. ఎలక్ట్రీషియన్ పాత వైరు కొసకి క్యాట్ 6 నెట్‌వర్క్ వైరు కట్టి పైనుంచి లాగేశాడు. తీరా చూస్తే స్పీడు 94 దగ్గరే ఆగిపోయింది! ఆయన క్లిప్పులో నాలుగు తీగలే పెట్టాడు. గిగాబిట్‌కి, అంటే 1000 ఎంబీపీఎస్‌కి, ఎనిమిదీ కావాలి. మళ్లీ క్రింప్ చేయించాక (ఎనిమిది తీగలతో కొత్త క్లిప్పు బిగించాక) పైన కూడా 280 వస్తోంది, సీరియల్ నడుస్తున్నా సరే. వైరు కొనేటప్పుడు అసలు రాగిదేనా అని అడగండి, రాగి పూత పూసిన అల్యూమినియంవి చవగ్గా అంటగడతారు.

మూడోది వీధి వరండాలో వైరు లేకుండానే ఉంది. అక్కడ ఫోను చూసుకోవడానికి అది చాలు.

అద్దె ఇల్లయి పైపులు లేకపోతే ఇంకో రేడియో అదనంగా ఉండే ట్రై బ్యాండ్‌కే డబ్బు పెట్టండి, పెట్టెని గదిలో కాక మెట్ల మలుపులో ఉంచండి. వైరు లాగే ఆలోచన ఉంటే చవకని డెకో ఇ4 వైపు వెళ్లకండి, దాని పోర్టులు 100 దాటవు. ఎం4వి గిగాబిట్, కాకపోతే పెట్టెకి రెండే. కింద ఒకటి ఫైబర్ బాక్సుకి, ఇంకోటి మేడకి పోయాయి. టీవీకి కూడా వైరు పెట్టాలంటే విడిగా నెట్‌వర్క్ స్విచ్ (పోర్టులు పెంచే చిన్న పెట్టె) కొనుక్కోవాల్సిందే.