గుండెలో బ్లాకులున్నాయన్నారు: స్టెంటా, బైపాసా, మందులా? ఏది మేలు?

మా మామది చంద్రగిరి. పెరటాసి నెల శనివారాల్లో తిరుమలకు పోయే శ్రీవారి మెట్టు దారి ఎక్కడం ఆయనకు ఎన్నో ఏళ్ళ అలవాటు. మొత్తం 2,388 మెట్లు. రెండేళ్ళ కిందట నాలుగు వందల మెట్లు దాటేసరికి రొమ్ము మధ్యలో రాయి పెట్టి నొక్కినట్టు పట్టేసింది, దవడ దాకా లాగింది. ఐదు నిమిషాలు కూర్చుంటే తగ్గింది. "పరగడుపున ఎక్కితి గదా, గ్యాసు లేబ్బా" అన్నాడు. పైవారం మళ్ళీ దాదాపు అదే చోట, అదే నొప్పి. నడిస్తే వచ్చి, ఆగితే పోయే నొప్పిని గ్యాసని సరిపెట్టుకోకూడదు. గుండెకు రక్తం చాలడం లేదని చెప్పే గుర్తు అది. డాక్టర్లు యాంజైనా అంటారు.

యాంజియోగ్రామ్‌లో, అంటే నాళాల్లోకి రంగుమందు ఎక్కించి తీసే ఎక్స్‌రేలో, గుండె మూడు రక్తనాళాలూ సన్నబడినట్టు తేలింది. ముందువైపు పెద్ద నాళంలో 90 శాతం బ్లాకు. పద్నాలుగేళ్ళుగా షుగరు. మామ ఇంకా లోపల బల్ల మీదే ఉన్నాడు, డాక్టర్లు బయటికొచ్చి మా అత్తను "ఇప్పుడే స్టెంట్లు వేసేస్తాం, సంతకం పెట్టండమ్మా" అన్నారు. పెన్ను ఆమె చేతిలో పెట్టేశారు. ఆమె చెయ్యి వణుకుతా ఉంది. నేను సంతకం ఆపించి, యాంజియోగ్రామ్ సీడీ ఇమ్మని అడిగాను. ఆ పని చేసినందుకు ఇప్పటికీ సంతోషిస్తాను. అందుకే మందులు, స్టెంటు (సన్నబడ్డ చోట నాళాన్ని తెరిచి ఉంచే చిన్న జాలీ గొట్టం), బైపాస్ (బ్లాకును దాటించి రక్తానికి కొత్త దారి వేసే ఆపరేషన్), ఈ మూడు దారులనూ పక్కపక్కన పెట్టి రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. ఇది గుండెపోటా, నిలకడగా ఉన్న జబ్బా? గుండెపోటైతే పోల్చుకునే వ్యవధి ఉండదు. నాళం పూర్తిగా మూసుకుపోయినప్పుడు ప్రతి నిమిషం కొంత గుండె కండరం చచ్చిపోతూ ఉంటుంది. అప్పుడు స్టెంటే మేలు. క్యాథ్‌ల్యాబ్ (స్టెంటు వేసే గది) ఉన్న ఆసుపత్రికి చేరాక 90 నిమిషాల్లోపు నాళం తెరవాలన్నది లక్ష్యం. పలమనేరు, సత్యవేడు లాంటి చోట్ల ఉన్నవాళ్ళు రెండు గంటల్లో స్టెంటు దాకా చేరలేమనుకుంటే, దగ్గరి ఆసుపత్రిలోనే ఈసీజీ తీయించి గడ్డ కరిగించే ఇంజెక్షన్ వేయించుకుని, తరవాత తిరుపతికి రావాలి. రాష్ట్రంలో స్టెమీ (నాళం పూర్తిగా మూసుకుపోయిన గుండెపోటు) కార్యక్రమం కింద ప్రభుత్వ ఆసుపత్రుల్లో గడ్డ కరిగించే ఈ టెనెక్టిప్లేస్ ఇంజెక్షన్ ఉచితంగా ఇస్తారు. 108కి ఫోన్ చేయండి. నొప్పితో ఉన్న మనిషిని బండి వెనక కూర్చోబెట్టుకుని పోవద్దు.

కూర్చున్నా నొప్పి రావడం, నిన్న నాలుగు వందల మెట్లకు వచ్చింది ఈరోజు యాభైకే రావడం, నిద్రలో నొప్పితో లేవడం కూడా అత్యవసరమే.

మామది అలాంటిది కాదు, నెలల తరబడి ఒకే తీరులో ఉండింది. నిర్ణయానికి కొన్ని రోజులు దొరికాయి.

బ్లాకు అనగానే బోరునీళ్ళ ఉప్పు పట్టిన పైపు గుర్తొస్తుంది మనకు. ఉప్పు గీకేస్తే నీళ్ళు వస్తాయి గదా అనిపిస్తుంది. అసలు జరిగేది వేరు. చెడు కొవ్వు నాళం గోడ లోపలికి చేరి, అక్కడే వాచి, చీముగడ్డలా పలచని పొర కింద ఉంటుంది. బీడీ, షుగరు, బీపీ, ఇంట్లో పెద్దవాళ్ళకు చిన్న వయసులోనే గుండెజబ్బు ఉండటం, ఇవన్నీ ఆ గడ్డను పెంచేవే. ఆ పొర పగిలితే రక్తం అక్కడ గడ్డకట్టి నాళాన్ని మూసేస్తుంది. చాలాసార్లు అలా పగిలేది 90 శాతం బ్లాకు కాదు, అంతవరకు ఏ ఇబ్బందీ పెట్టని 40, 50 శాతం బ్లాకు.

అందుకే మందులను చిన్నచూపు చూడకూడదు. అటోర్వాస్టాటిన్ లాంటి మాత్ర చెడు కొవ్వును తగ్గించి, అన్ని నాళాల్లోని కొవ్వు గడ్డల పొరను పగలకుండా గట్టిపరుస్తుంది. ఆస్పిరిన్ రక్తం గడ్డకట్టకుండా చూస్తుంది. గుండె వేగం తగ్గించే మాత్రలు నొప్పిని దూరం చేస్తాయి. ఇస్కీమియా అనే పెద్ద అధ్యయనంలో 37 దేశాల నుంచి 5,179 మందిని రెండు జట్లు చేశారు. నిలకడగా ఉన్న జబ్బులో మందులతో మొదలుపెట్టినవాళ్ళకూ, ముందే స్టెంటో బైపాసో చేయించుకున్నవాళ్ళకూ మూడేళ్ళకు పైగా చూసినా చావుల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఫలితాలు 2020లో అచ్చయ్యాయి. నొప్పి ఎక్కువున్నవాళ్ళకు మాత్రం స్టెంటో బైపాసో పడ్డాక హాయి ఎక్కువ. ఎడమవైపు మూలనాళంలో పెద్ద బ్లాకున్నవాళ్ళను, గుండె బాగా బలహీనపడ్డవాళ్ళను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు, కాబట్టి ఈ మాట వాళ్ళకు వర్తించదు.

స్టెంటులో సుళువు చాలా ఉంది. మణికట్టు దగ్గర చిన్న రంధ్రం, ఒకటి రెండు రోజుల్లో ఇల్లు. ఒకటి రెండు బ్లాకులుండి, మందులు వాడినా నొప్పి తగ్గనివాళ్ళకు ఇదే సరి. 2017 ఫిబ్రవరిలో కేంద్రం ధరకు పరిమితి పెట్టాక మందు పూసిన స్టెంటు 29,600 రూపాయలకు దిగింది, తరవాత ఆ ధర అప్పుడప్పుడూ మారుతూ వచ్చింది. అయితే స్టెంటు పడ్డాక రక్తం పలచన చేసే రెండు రకాల మాత్రలు నెలల తరబడి ఆపకూడదు, గుండెపోటుకు వేసి ఉంటే మామూలుగా ఏడాది. పన్ను పీకించుకోవాలన్నా సరే, గుండె డాక్టరును అడక్కుండా ఆపితే స్టెంటులో గడ్డకట్టి ప్రాణం మీదికి వస్తుంది.

బైపాస్ పెద్ద ఆపరేషన్. రొమ్ము ఎముక కోస్తారు, కాలి నుంచి సిర తీస్తారు, వారం దాకా ఆసుపత్రి. ఎముక అతకడానికి రెండు నెలలు. అత్త భయం అంతా దీని గురించే. కానీ షుగరు ఉండి, మూడు నాళాలూ చెడితే నా ఓటు దీనికే. 1,900 మంది షుగరు రోగుల మీద జరిగిన ఫ్రీడమ్ అధ్యయనం 2012లో వచ్చింది. ఐదేళ్ళలో స్టెంటు జట్టులో 16.3 శాతం చనిపోతే, బైపాస్ జట్టులో 10.9 శాతం. గుండెపోట్లూ సగానికి తగ్గాయి. పక్షవాతం మాత్రం బైపాస్‌లో ఎక్కువ, బైపాస్‌లో 5.2 శాతం, స్టెంటులో 2.4. ఆ లెక్కను డాక్టరు మనకు దాచకుండా చెప్పాలి.

ఈ తేడా ఎందుకో ఒక సర్జను కాగితం మీద గీసి చూపించాడు. స్టెంటు బ్లాకున్న ఆ ఒక్క చోటునే తెరుస్తుంది. షుగరు ఉన్నవాళ్ళకు ఆ నాళం పొడవునా గడ్డలుంటాయి, రేపు పక్కది పగలొచ్చు. బైపాస్ దారిని చెడిన భాగమంతా దాటించి కింద కలుపుతారు. పైన కొత్త బ్లాకు వచ్చినా కిందికి రక్తం అందుతుంది. అందులోనూ రొమ్ము లోపలి మామరీ ధమనిని కలిపితే పదేళ్ళకు కూడా పదింట్లో తొమ్మిది తెరిచే ఉంటాయి. కాలి సిరల్లో దాదాపు సగం ఆ లోపే మూసుకుపోతాయి. "మామరీ ధమని వాడతారా?" అని తప్పక అడగండి.

సీడీ చేతిలో ఉంటే రెండో అభిప్రాయం కష్టం కాదు. తిరుపతిలో స్విమ్స్ ఆసుపత్రి ఉంది, చిత్తూరు వాళ్ళకు వెల్లూరు సీఎంసీ ఆసుపత్రి దగ్గరే. గుండె డాక్టరునూ సర్జనునూ ఇద్దరినీ అడగాలి. ఎవరి పని వాళ్ళకు మేలుగా కనిపించడం సహజం. ప్రభుత్వ ఆరోగ్య పథకం కార్డు ఉంటే, అది వర్తించే ఆసుపత్రేనా అని చేరకముందే కనుక్కోండి.

మామ బైపాస్ చేయించుకున్నాడు. మూడో నెలలో, "బాగైంది గదా, ఇంకా ఈ మాత్రలెందుకు" అని స్టాటిన్ డబ్బీ బీరువాలో పెట్టేసినాడు. అత్త కనిపెట్టి నాకు ఫోన్ చేసింది. కొత్తగా అతికించిన నాళాలకూ అదే కొవ్వు పడుతుందని, ఆ మాత్ర జీవితాంతమని మళ్ళీ కూర్చోబెట్టి చెప్పాల్సి వచ్చింది. ఇప్పుడు డబ్బీ అన్నం బల్ల మీద, ఉప్పు డబ్బా పక్కన ఉంటుంది. రాత్రి భోజనం కాగానే అత్తే మాత్ర తీసి ఆయన చేతిలో పెడుతుంది.