అరకులో మా రైల్వే రిటైర్డ్ బ్యాచ్ టూరు: రైలు సూపర్, లాడ్జి మాత్రం పగవాళ్ళకి కూడా వద్దు

అరకు బాగుంది, రైలు ప్రయాణం ఇంకా బాగుంది, రెండో రాత్రి ఒక ఇంట్లో తిన్న భోజనం ఇప్పటికీ నోట్లోనే ఉంది, కానీ మొదటి రాత్రి మేం దిగిన లాడ్జి గురించి చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. పెద్దవాళ్ళని వెంటబెట్టుకుని అరకు వెళ్ళాలనుకునేవాళ్ళు ఇది పూర్తిగా చదవండి.

మాది విజయవాడలో రిటైర్డ్ రైల్వే ఉద్యోగుల క్లబ్. నేను రిజర్వేషన్ కౌంటర్లో పనిచేసి రిటైరయ్యాను, మావారిది రైల్వే కాదు కానీ క్లబ్‌లో నాకన్నా ఆయనే ఎక్కువ హుషారు. నెలకోసారి కలుస్తాం, టీ తాగి క్యారమ్స్ ఆడుకుని వెళ్ళిపోయే బాపతు కాదు మాది. నవంబర్ వచ్చిందంటే లైఫ్ సర్టిఫికెట్ల పని, ఫోన్‌లో జీవన్ ప్రమాణ్ చేసుకోవడం రానివాళ్ళందరికీ కూర్చోబెట్టి చేయిస్తాం, భర్త పోయిన ఆడవాళ్ళకి ఫ్యామిలీ పెన్షన్ కాగితాలు, రైల్వే వైద్యానికి ఉమీద్ కార్డులు, ఉచిత రైలు ప్రయాణానికి విడో పాసులు దగ్గరుండి చూస్తాం, ఎవరైనా హాస్పిటల్లో ఉంటే వంతులేసుకుని వెళ్ళి కూర్చుంటాం. 80 నిండిన వాళ్ళకి పెన్షన్ మీద 20 శాతం అదనంగా రావాలి, బ్యాంకులో అది పడకపోతే పడేదాకా మా ట్రెజరర్ గారు వదలరు. అలా ఈమధ్యే 80 నిండిన ఒక పెద్దాయన ఉన్నారు మాలో, కీమన్‌గా, అంటే పట్టాల వెంట నడిచి రోజూ చూసుకునే మనిషిగా చేసి రిటైరయ్యారు, అందరం మేస్త్రీ గారు అంటాం. ఏం కావాలి మేస్త్రీ గారూ, సన్మానం చేస్తాం అంటే శాలువా వద్దమ్మా, నేను పట్టాల గ్యాంగ్‌లో చేరిన లైను ఒక్కసారి చూపించండి చాలు అన్నారు. ఆయన కుర్రాడిగా ఉన్నప్పుడు అరకు మీదుగా వెళ్ళే కొత్తవలస కిరండూల్ లైన్లో చేరి, చాలా ఏళ్ళ తర్వాత ట్రాన్స్‌ఫర్ మీద మా వైపు వచ్చారు. అదీ ఈ అరకు టూరు వెనకున్న సంగతి.

మొత్తం 22 మందిమి. రిటైరైన మాకు వచ్చే రైల్వే ఉచిత పాసుల మీద రిజర్వేషన్ నేనే చూసుకున్నాను. బుకింగ్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు కదా (2024 అక్టోబర్ దాకా 120 ఉండేది), తెరిచిన పొద్దున్నే కూర్చుంటే గానీ చలికాలంలో లోయర్ బెర్తులు దొరకవు. పాస్ లేనివాళ్ళు మాత్రం పూర్తి చార్జీ పెట్టుకోవాల్సిందే, సీనియర్ సిటిజన్ రాయితీ 2020 మార్చిలో ఆపేశాక మళ్ళీ ఇవ్వలేదు, దాని మీద దారి పొడుగునా మావాళ్ళు మాట్లాడుకుంటూనే ఉన్నారు. గోదావరి ఎక్స్‌ప్రెస్ టైముకే విశాఖలో దింపింది, పొద్దున్నే కిరండూల్ పాసింజర్ ఎక్కాం, అక్కడిదాకా ఏ ఇబ్బందీ లేదు.

అద్దాల విస్టాడోమ్ బోగీ ఉంది కదా అందులో వెళ్దామని మా వదిన (మా సెక్రటరీ గారి భార్య, నేను వదినా అనే పిలుస్తాను) చాలా పట్టుబట్టింది. అందరం ఒకే చోట కూర్చోవాలని మామూలు స్లీపర్ తీసుకున్నాం, ఆవిడ శృంగవరపుకోట దాటేదాకా ముభావంగానే ఉంది. బొడ్డవర దాటి ఘాట్ మొదలయ్యాక మేస్త్రీ గారు నోరు విప్పారు, అంతే, ఇంక విస్టాడోమ్ మాట ఆవిడే ఎత్తలేదు.

ఆయన చెప్పిందంతా రాయలేను గానీ కొంచెం చెప్తా. ఈ లైను వేసింది మన టూరిస్టుల కోసం కాదు, బైలదిల్లా కొండల్లో ఇనుప ఖనిజం తవ్వి విశాఖ రేవుకి తెచ్చి జపాన్‌కి ఓడలెక్కించడానికి, 1960ల్లో. అరకు దాకానే 58 సొరంగాలు. ప్రతి సొరంగం గోడలో మనిషి పట్టేంత గూళ్ళు ఉంటాయి, లోపల పని చేస్తుంటే బండి వస్తే అందులోకి దూరి వీపు గోడకి ఆనించి నిలబడాలట. ఖనిజం బండి అంత పొడవూ పోయేదాకా కళ్ళు మూసుకుని, నోటికి తువ్వాలు కట్టుకుని నిలబడేవాళ్ళం, బయటికొస్తే మొహం మీద కళ్ళు మాత్రమే కనపడేవి అన్నారు. వానాకాలం రాత్రుళ్ళు పెట్రోలింగ్ అయితే భుజాన డిటోనేటర్ల డబ్బా (ప్రమాదముంటే బండిని హెచ్చరించడానికి పట్టాల మీద పెట్టే టపాకాయలు), చేతిలో లాంతరు పట్టుకుని తన బీటు, అంటే తన వంతు లైను, చివరిదాకా నడిచి, అవతల బీటు మనిషి ఎదురైతే పుస్తకాలు మార్చుకుని వెనక్కి రావాలి. అవతల మనిషి రాకపోతే? రాకపోతే ముందుకెళ్ళి చూడాల్సిందేనమ్మా, కొండరాయి పడిందో మనిషే పడ్డాడో అన్నారు. చిమిడిపల్లి దాటాక ఒక వంపులో ఆయన కిటికీ ఊచలు రెండు చేతులతో పట్టుకుని, మోకాలి నొప్పి మర్చిపోయి లేచి నిలబడ్డారు. బోగీలో ఉన్న కాలేజీ పిల్లలు కూడా సెల్ఫీలు ఆపి మా సీట్ల దగ్గరకొచ్చి విన్నారు. శిమిలిగూడ స్టేషన్లో బోర్డు మీద 996 మీటర్లు అని ఉంటుంది, ఒకప్పుడు బ్రాడ్‌గేజ్‌లో దేశంలోకెల్లా ఎత్తైన స్టేషన్ అదే. అక్కడ దిగి ఆయన్ని మధ్యలో నిలబెట్టి ఫోటో తీసుకున్నాం.

ఇంత సంతోషంగా అరకులో దిగితే లాడ్జి.

పేరు రాయను. సెక్రటరీ గారు నెల ముందే ఫోన్ చేసి 9 గదులు, రాత్రికి గది 1,800 చొప్పున రెండు రాత్రులకి మాట్లాడారు, అందులో 5 గదులు గ్రౌండ్ ఫ్లోర్‌లో, వెస్టర్న్ టాయిలెట్‌తో కావాలి, మాలో మోకాళ్ళ ఆపరేషన్ అయినవాళ్ళు ఉన్నారని రెండుసార్లు చెప్పారు. ఓకే సార్, తప్పకుండా సార్ అని 9,000 అడ్వాన్స్ వేయించుకున్నారు. తీరా వెళ్తే గ్రౌండ్ ఫ్లోర్ మొత్తం వేరే గ్రూపుకి ఇచ్చేశారు. మాకు మూడో అంతస్తు. లిఫ్ట్ రిపేర్. ఆ మెట్లు చూడాలి మీరు, ఒక్కోటి మామూలు మెట్టుకి ఒకటిన్నర ఎత్తు, పట్టుకోడానికి కమ్మీ ఒక వైపే. కౌంటర్లో కుర్రాడు సెల్‌లోంచి తలెత్తకుండా "మెల్లగా ఎక్కండి ఆంటీ, ఏం కాదు" అన్నాడు. మేస్త్రీ గారు అప్పటికే బ్యాగు తీసుకుని ఎక్కడం మొదలుపెట్టేశారు, గొడవెందుకమ్మా అంటూ, రెండో అంతస్తు మలుపులో ఆగిపోయి గోడకి చెయ్యి ఆనించి నిలబడ్డారు. అది చూసేసరికి నాకు ఒళ్ళు మండిపోయింది.

మాలో స్టేషన్ మాస్టర్‌గా చేసినాయన ఒకరున్నారు, చాలా నెమ్మదస్తులు, గొంతు పెంచరు. ఆయన వెళ్ళి కంప్లైంట్ బుక్ ఇవ్వు బాబూ అన్నారు. లేదన్నాడు. అయితే ఓనర్ నంబరు ఇవ్వు అన్నారు. సార్ ఊళ్ళో లేరన్నాడు. సరే, వచ్చేదాకా ఇక్కడే కూర్చుంటాం అని ఆయన లాబీలో కూర్చున్నారు, ఆయన పక్కన ఒక్కొక్కరం అందరం కూర్చున్నాం, బయట్నించి వచ్చేవాళ్ళు ఏమైందండీ అని అడుగుతుంటే మా వదిన ఓపిగ్గా ప్రతివాళ్ళకీ మొదట్నించీ చెప్పింది. ఇది గంటకి పైగా నడిచింది. అప్పుడు ఫోన్లు చేసుకుని సాయంత్రానికి 2 గదులు కింద "ఖాళీ అయ్యాయి" అన్నారు. మేస్త్రీ గారినీ, మోకాళ్ళ ఆపరేషన్ అయిన ఇద్దరు అక్కల్నీ అందులో సర్దాం. మిగతా మేం పైకెక్కాం. పైన గదుల్లో దుప్పట్లు చెమ్మగా ఉన్నాయి, ఎక్స్‌ట్రా దుప్పటి 100, పొద్దున వేడినీళ్ళు బకెట్ 40, అది కూడా కింద నుంచి మనమే మోసుకోవాలి. అరకు చలిలో 70 దాటిన మనిషి చన్నీళ్ళు ముట్టుకోలేరు, ఆ సంగతి వాళ్ళకీ తెలుసు, అందుకే బకెట్‌కి రేటు పెట్టారు.

పొద్దున్నే ఖాళీ చేసేస్తాం అన్నాం. బిల్లు ఇచ్చాడు. 9 గదులు 16,200, వేడినీళ్ళు 720, దుప్పట్లు 1,200, జనరేటర్ 900 (రాత్రి కరెంటు పోలేదు), జీఎస్టీ 18 శాతం అని 2,916, మొత్తం 21,936, పైగా రెండో రాత్రికి కూడా కట్టాలన్నాడు. మా ట్రెజరర్ గారు కమర్షియల్ డిపార్ట్‌మెంట్‌లో చేసిన మనిషి. కళ్ళజోడు తుడుచుకుని కాగితం అటూ ఇటూ తిప్పి, దీని మీద జీఎస్టీ నంబరేది బాబూ అన్నారు. లేదు. 7,500 లోపు గదికి 2025 సెప్టెంబర్ 22 నుంచి 5 శాతమే, నంబరున్న బిల్లు ఇవ్వు, 5 శాతం ఇప్పుడే కడతాను అన్నారు. ఇవ్వలేడు. ఇక రెండో రాత్రి సంగతికొస్తే, సెక్రటరీ గారు అడ్వాన్స్ ఫోన్‌పే చేసినప్పుడు కింద మెసేజ్‌లో "5 గ్రౌండ్ ఫ్లోర్ రూములతో కలిపి 9 రూములు" అని తెలుగులోనే టైప్ చేశారు, అది తీసి చూపించాం. నేను పక్కనే నిలబడి 1915కి, అంటే కన్జ్యూమర్ హెల్ప్‌లైన్‌కి ఫోన్ కలిపి ఫిర్యాదు చెప్పడం మొదలుపెట్టాను. అవతలివాళ్ళు ఫిర్యాదు నంబరు చెప్పేలోపే కౌంటర్ కుర్రాడి మాట మారింది. చివరికి గదుల 16,200, నీళ్ళ 720, అంతే, అడ్వాన్స్ పోను 7,920 కట్టి బయటపడ్డాం. దుప్పట్లకి ఇవ్వలేదు, చలికి దుప్పటి ఇవ్వడం గది అద్దెలోనిదే. ఫిర్యాదు మాత్రం వెనక్కి తీసుకోలేదు, నంబరు ఇచ్చారు, నడుస్తోంది.

ఇప్పుడు మంచి సంగతి. బిల్లు గొడవ జరుగుతుంటే మా టెంపో ట్రావెలర్ డ్రైవర్ అబ్బాయి విన్నాడు. మా పిన్ని వాళ్ళిల్లు ఊరికి కొంచెం బయట, అన్నీ నేల మీద గదులే, హోమ్‌స్టే ఇస్తుంది, అడగమంటారా అన్నాడు. మనిషికి 700, రాత్రి భోజనం, పొద్దున టిఫిన్ కలిపి, 22 మందికి 15,400. పెంకుటిల్లు, వరసగా గదులు, ముందు పెద్ద అరుగు, పెరట్లో సిల్వర్ ఓక్ చెట్లకి పాకిన మిరియం తీగలు, వాటి నీడలో కాఫీ మొక్కలు. గదులు గొప్పగా లేవు, మంచాలు చాలక మగవాళ్ళు కొందరు హాల్లో పరుపులేసుకున్నారు, ఒక్కరు కూడా సణగలేదు. బాత్రూముల్లో వెస్టర్న్ రెండే, వాటిని పెద్దవాళ్ళకి వదిలేశాం. పొద్దున నాలుగున్నరకే ఆవిడ కట్టెల పొయ్యి మీద గంగాళం పెట్టేసింది, మేస్త్రీ గారి బకెట్ ఆవిడ కొడుకు బాత్రూంలోకి తెచ్చి పెట్టి వెళ్ళాడు, ఎవరూ అడక్కుండానే.

ఇంక ఆ భోజనం. బొంగులో చికెన్ రోడ్డు మీద ప్రతి బండి దగ్గరా అమ్ముతారు, అక్కడ తిని ఇదేనా అనుకోకండి. ఈవిడ నాటుకోడి ముక్కలకి అల్లం, వెల్లుల్లి, పచ్చిమిర్చి, కొత్తిమీర నూరి పట్టించి, నూనె చుక్క లేకుండా, పచ్చి వెదురు బొంగులో కూరి, మూతికి ఆకులు కుక్కి నిప్పుల మీద తిప్పుతూ కాల్చింది. బొంగు నల్లబడి మూతి దగ్గర బుసబుసమని ఆవిరి రావడం మొదలయ్యాక కూడా తియ్యనివ్వలేదు, ఇంకాసేపు అంది. చీల్చి అరిటాకు మీద పోస్తే ముక్క ఎముక నుంచి దానంతటదే విడిపోతోంది, ఆ వెదురు వాసన, అడుగున చేరిన రసం అన్నంలో కలుపుకుంటే ఇంకేం అక్కర్లేదు. దానికి విడిగా 1,500 తీసుకుంది, అందరికీ సరిపోయింది. చికెన్ తిననివాళ్ళకి రాజ్మా కూర, చిక్కుడుకాయ, మామిడి ఊరగాయ. విడో పాస్ మీద వచ్చిన ఒక అక్క, భర్త పోయాక ఎక్కడికీ కదలని మనిషి, ఆవిడ మళ్ళీ అన్నం పెట్టించుకుంటే నాకు కళ్ళు చెమర్చాయి. తర్వాత అరుగు ముందు నెగడు వేశారు, మేస్త్రీ గారూ మా స్టేషన్ మాస్టారూ 1974 మే 8న మొదలైన రైల్వే సమ్మె గురించి, క్వార్టర్లు ఖాళీ చేయిస్తామని బెదిరించిన రోజుల గురించి చెప్పుకుంటూ కూర్చున్నారు. మావారు మధ్యలో లేచి వాళ్ళకి శాలువాలు కప్పి వచ్చారు.

చూసిన చోట్లు: బొర్రా గుహలు అద్భుతం కానీ లోపల మెట్లు చాలా, తడి, మోకాళ్ళు బాలేనివాళ్ళు మొదటి పెద్ద గది వరకు దిగి ఆగిపోండి, అక్కడే సగం అందం ఉంది. పద్మాపురం గార్డెన్స్ చదునుగా ఉంటుంది, పెద్దవాళ్ళకి హాయి, రెండో ప్రపంచ యుద్ధంలో సైనికులకి కూరగాయలు పండించడానికి మొదలెట్టిన తోట అది. ట్రైబల్ మ్యూజియం తప్పకుండా చూడండి. కాఫీ పొడి రోడ్డు పక్క ప్యాకెట్లు కొనకుండా పొడి కొట్టించి ఇచ్చే చోట కొనండి.

బళ్ళకి టెంపో ట్రావెలర్ 6,500, కారు 3,000 అయింది, అందులో బొర్రా, అనంతగిరి అన్నీ వచ్చేశాయి. మొత్తం మీద మనిషికి 2,400 పడింది, లాడ్జిలో పోయింది కూడా కలిపి. వచ్చేటప్పుడు విశాఖ పాసింజర్ ఖనిజం గూడ్సులకి దారిస్తూ బాగా లేటయింది, ఈ లైన్లో అది మామూలే, కాబట్టి విశాఖలో పట్టుకోవాల్సిన రాత్రి బండికి కనీసం మూడు గంటలు తేడా పెట్టుకోండి. డిసెంబర్, జనవరి శని ఆదివారాలు అసలు పెట్టుకోవద్దు. లాడ్జి మాట్లాడితే గది నంబర్లు, ఫ్లోరు, వేడినీళ్ళు అన్నీ మెసేజ్‌లో రాయించుకున్నాకే డబ్బు పంపండి, పంపేటప్పుడు పేమెంట్ మెసేజ్‌లో కూడా రాయండి. మా క్లబ్‌లో అయితే వచ్చే టూర్‌కి ఇద్దరు ముందు వెళ్ళి గదులు కళ్ళారా చూసొచ్చాకే అడ్వాన్స్ అని తీర్మానం చేసి మినిట్స్‌లో రాసేశాం, వెళ్ళే ఇద్దరిలో మా వదిన పేరు మొదటిది.