తొమ్మిదేళ్ళుగా చందా కడుతున్నాను: రాయగడ నుంచి ఒక రిలయబిలిటీ ఇంజినీరు అనుభవం

డిసెంబరు వచ్చిందంటే మా ఆవిడ అడిగే ప్రశ్న ఒకటే: "ఈసారి కూడా ఆ అమెరికా వాళ్ళకి కడతారా?" "ఆ అమెరికా వాళ్ళు" అంటే ఏఎస్‌క్యూ అనే క్వాలిటీ సంఘం. 2016 చివర్లో అందులో చేరాను. అప్పటి నుంచి ఏటా ఈ ప్రశ్న వింటూనే ఉన్నాను, కడుతూనే ఉన్నాను. మధ్యలో ఇంకో రెండు సంఘాల్లో చేరి మానేశాను కూడా. చేరాలా వద్దా అని కుర్రాళ్ళు తరచూ అడుగుతున్నారు కాబట్టి ఒకసారి వివరంగా రాసేస్తే నాకూ పని తప్పుతుంది.

మేముండేది ఒడిశాలోని రాయగడలో. ఇంట్లో తెలుగు, బజార్లో ఒడియా, ప్లాంట్ మీటింగులో హిందీ, రిపోర్టేమో ఇంగ్లీషు. మా ఫిట్టర్లలో సగం మంది పార్వతీపురం వైపు వాళ్ళే. అన్నీ ఉన్నాయి గాని, యంత్రాలు ఎప్పుడు, ఎందుకు పాడవుతాయో చూసే మన పని గురించి మాట్లాడుకోవడానికి తోటి ఇంజినీరు ఊళ్ళో దొరకడు. దొరకాలంటే విజయనగరం మీదుగా విశాఖ రైలెక్కాలి. సంఘంలో చేరడానికి అసలు కారణం ఇదే. పేరు వెనక నాలుగు అక్షరాలు పెట్టుకోవచ్చన్న ఆశ కూడా ఉంది, దాచేదేముంది.

ముందుగా ఏఎస్‌క్యూ సంగతి. 1946లో పుట్టిన అమెరికా క్వాలిటీ సంఘం ఇది. రిలయబిలిటీ ఇంజినీర్లకు సీఆర్ఈ అనే సర్టిఫికేషన్ ఇస్తుంది. ఎనిమిదేళ్ళ అనుభవం అడుగుతారు, ఇంజినీరింగ్ డిగ్రీ ఉంటే నాలుగేళ్ళు తగ్గిస్తారు. అందులో మూడేళ్ళు మాత్రం నిర్ణయాలు తీసుకునే స్థాయిలో పనిచేసి ఉండాలి. నేను 2018లో హైదరాబాద్ వెళ్ళి రాశాను. 165 ప్రశ్నలు, లెక్కలోకి వచ్చేవి 150. పుస్తకాలు చూసి రాయొచ్చు. చూసి రాయడమే కదా అని తేలిగ్గా తీసుకుంటే మునిగిపోతాం. ఏ పట్టిక ఎక్కడుందో చేతికి అలవాటు ఉండాలి, వెతుక్కుంటూ కూర్చుంటే టైం అయిపోతుంది. రైల్లో నా బ్యాగు చూసి పక్క సీటాయన "పెళ్ళికా బాబూ?" అన్నాడు. అంత బరువు.

పాసయ్యాక జీతమేమీ పెరగలేదు. విజిటింగ్ కార్డు మారింది, అంతే. అసలు లాభం ఏడాది తర్వాత ఒక పంపు దగ్గర తెలిసింది.

మా సెక్షన్‌లో ఒకే రకం పంపులు నాలుగు. బేరింగులు తరచూ పోయేవి. మూడు నెలలకోసారి అన్నీ మార్చేద్దామని మేనేజర్ మాట. వినడానికి సబబే. లాగ్‌బుక్కులు తిరగేస్తే ఏడు బ్రేక్‌డౌన్ల రన్నింగ్ అవర్స్, అంటే బేరింగు పోయేలోపు తిరిగిన గంటలు, దొరికాయి. వాటిని వేబుల్ లెక్కకి ఎక్కించాను, భాగాలు ఏ తీరుగా పోతున్నాయో చెప్పే లెక్క అది. వేబుల్ స్వీడన్ ఇంజినీరు, 1951లో ఆయన వేసిన పేపరుతో ఈ పద్ధతికి పేరొచ్చింది. అందులో బీటా అనే ఒక్క అంకె చూస్తే చాలా సంగతి తెలుస్తుంది. ఒకటి కంటే ఎక్కువైతే భాగం అరిగి పోతోందని, ఒకటి దగ్గరుంటే ఎప్పుడైనా పోవచ్చని, ఒకటి కంటే తక్కువైతే కొత్తలోనే పోతోందని అర్థం. మాది తక్కువే వచ్చింది.

నాకు నమ్మకం కుదరలేదు. సంఘంలోనే పరిచయమైన ఒక పెద్దాయనకి, ఫ్యాక్టరీ పేరు లేకుండా, అంకెలు మాత్రం పంపాను. ఆయన అడిగింది ఒక్కటే: "పోయినవి రాశావు బాగుంది, ఇప్పుడు తిరుగుతున్నవి ఏవి?" సిగ్గేసింది. నాలుగు పంపుల్లోనూ ఆ రోజుకి బేరింగులు శుభ్రంగా తిరుగుతున్నాయి, వాటి గంటలు నేను లెక్కలోకే తీసుకోలేదు. పరీక్షకి చదివిన విషయమే మరి! పోయిన ఏడింటినే లెక్కేస్తే, మొదటి బ్రేక్‌డౌన్ నాటికి సుమారు 9.5 శాతం బేరింగులు పోతాయని వస్తుంది. తిరుగుతున్న నాలుగూ కలిపి పదకొండుగా చూస్తే అది 6.1 శాతానికి దిగుతుంది. బేరింగు ఆయుష్షు అంచనా పెరిగింది గాని బీటా మాత్రం ఒకటి లోపే ఉండిపోయింది.

అంటే మూడు నెలలకోసారి కొత్తది వేస్తే, మూడు నెలలకోసారి కొత్త జబ్బు తెచ్చుకున్నట్టే. మా సీనియర్ ఫిట్టరుకి ఇదే చెప్తే, "అయితే ఏటి బాబూ, పాతదే మంచిదంటావా?" అన్నాడు. తర్వాత ఆయనే నెమ్మదిగా బయటపెట్టాడు, నైట్ షిఫ్టులో బేరింగుని సుత్తితో కొట్టి ఎక్కిస్తున్నారని. బేరింగుని వేడి చేసి సులువుగా ఎక్కించడానికి హీటర్ ఉంది గాని, ఆ గది తాళం జనరల్ షిఫ్ట్ వాళ్ళ దగ్గరుంది. తాళం చెవి షిఫ్ట్ ఇన్‌ఛార్జికి మార్చాం. అలైన్‌మెంట్, అంటే పంపు, మోటారు ఒకే వరుసలో ఉన్నాయో లేదో, చూడకుండా పంపు స్టార్ట్ చెయ్యొద్దని రాసి పెట్టాం. మూడు నెలల ప్లాను పక్కకి పోయింది. నా తొమ్మిదేళ్ళ చందా ఆ ఒక్క తాళం చెవితో తీరిపోయిందని నా లెక్క.

సర్టిఫికేట్ మూడేళ్ళకోసారి నిలబెట్టుకోవాలి. అందుకు 18 యూనిట్లు, పాయింట్ల లాంటివి, చూపించాలి. ఉద్యోగానికి కొన్ని వస్తాయి, మిగతావి చదివో, నేర్పో, వెబినార్లు వినో తెచ్చుకోవాలి. అమెరికా తూర్పు తీరంలో మధ్యాహ్నం ఒంటిగంట వెబినార్ మనకి వేసవిలో రాత్రి పదిన్నరకి, చలికాలంలో పదకొండున్నరకి. బి షిఫ్ట్ దిగి, అన్నం తిని, ఫోన్ కిటికీలో పెట్టి వినేవాణ్ణి. వానాకాలం కరెంటు పోతే యూనిట్లూ పోయేవి. 2021లో ఇలాగే రాత్రుళ్ళు కూర్చుని పూర్తి చేశాను. 2024కి తెలివొచ్చింది, మా ఫిట్టర్లకి నేర్పే క్లాసులనే చూపించాను.

మన దేశంలో పనిచోట భద్రత కోసం ఉన్న నేషనల్ సేఫ్టీ కౌన్సిల్ గురించి కూడా చెప్పాలి. 1966 మార్చి 4న పెట్టారు, మన సేఫ్టీ డే ఆ రోజుదే. వాళ్ళ పత్రిక మా ఆఫీసుకి వస్తుంది. భారతీయ చట్టం, మన ఫ్యాక్టరీల పరిస్థితి తెలుసుకోవడానికి విదేశీ పత్రికల కన్నా అదే నయం. అయితే మార్చి వారం మా దగ్గర ప్రతిజ్ఞ, పోస్టరు, స్వీటు ప్యాకెట్‌తో ముగిసేది. ఆ తప్పు మాదే. పోస్టర్లు ఒడియాలో, హిందీలో తెప్పించేవాళ్ళం, పార్వతీపురం కుర్రాళ్ళు బొమ్మలు చూసి వెళ్ళిపోయేవాళ్ళు. ఇప్పుడు తెలుగువి నేనే రాస్తున్నాను, దస్తూరి బాగుండదు గాని చదువుతున్నారు.

2020 మే 7న విశాఖలో ఎల్‌జీ పాలిమర్స్ ట్యాంకు నుంచి స్టైరీన్ ఆవిరి వచ్చినప్పుడు మా వాళ్ళ చుట్టాలు కూడా అటువైపు ఉన్నారు. ఆ రోజంతా ఫోన్లే. లాక్‌డౌన్‌లో ఆగి ఉన్న ప్లాంటు అది. మా దగ్గర అప్పటివరకూ సేఫ్టీ వాళ్ళు హెల్మెట్లు లెక్కపెట్టేవాళ్ళు, మేము రన్నింగ్ అవర్స్ లెక్కపెట్టేవాళ్ళం, ఇద్దరం క్యాంటీన్‌లో తప్ప కలిసేవాళ్ళం కాదు. ఆగి ఉన్న ట్యాంకుకి రన్నింగ్ అవర్స్ సున్నా, నా లాగ్‌బుక్‌లో దానికి అసలు చోటే లేదు. స్టైరీన్‌ని చల్లగా ఉంచకపోయినా, గట్టిపడకుండా కలిపే మందు తగ్గినా అది తనంతట తానే వేడెక్కుతుంది. మా ప్లాంటు తిరిగి మొదలుపెట్టే ముందు సేఫ్టీ ఆఫీసరు, నేను కలిసి ఆగి ఉన్న ప్రతి ట్యాంకు దగ్గరికీ నడిచాం. అలా కలిసి నడవడం అదే మొదటిసారి. ఆ చెక్‌లిస్టు నమూనా కోసం మళ్ళీ సంఘంలోని విశాఖ స్నేహితులకే ఫోన్ చేశాను.

మానేసిన వాటి సంగతి క్లుప్తంగా. ఎలక్ట్రికల్, ఎలక్ట్రానిక్స్ ఇంజినీర్ల సంఘం ఐఈఈఈ వాళ్ళ రిలయబిలిటీ సొసైటీలో ఒక ఏడాది ఉన్నాను. మన దేశం వాళ్ళకి తక్కువ రేటులో ఎలక్ట్రానిక్ సభ్యత్వం ఉంది. పేపర్లు గొప్పవే, కానీ గణితం నా తల మీదుగా పోయింది. రీసెర్చ్ చేసేవాళ్ళకి మంచిది. ఇంకొకటి, పేరెందుకులే, డబ్బు తీసుకుని ఆరు నెలలు ఈమెయిల్‌కి జవాబివ్వలేదు. వదిలేశాను.

ఖర్చు విషయం. నేను చేరినప్పుడు డాలరు 68 రూపాయలు, 2022 అక్టోబరుకి 82 దాటింది. చందా పెరగకపోయినా నాకు పెరిగింది. 2021 అక్టోబరులో ఆటో డెబిట్ రూల్స్ మారాక కార్డు నుంచి తనంతట తాను కట్టుకోవడం ఆగిపోయింది, రెండు నెలలు నాకు తెలియనే లేదు. ఇప్పుడు క్యాలెండరులో రాసుకుని నేనే కడుతున్నాను.

ఉద్యోగంలో చేరి రెండు మూడేళ్ళయిన వాళ్ళు మాత్రం ఇప్పుడే డాలర్లు కట్టకండి. ముందు మీ లాగ్‌బుక్‌లో తేదీతో పాటు రన్నింగ్ అవర్స్ కూడా రాయించండి. చేరాలనుకుంటే మాత్రం కంపెనీ ట్రైనింగ్ బడ్జెట్ వేసే లోపు, అంటే ఏప్రిల్‌కి ముందే హెచ్‌ఆర్‌ని అడగండి. నేను అడగడానికి ఐదేళ్ళు పట్టింది. అడిగిన వారానికే సగం ఇచ్చారు.