ఓలాఫ్సన్ గోల్డ్‌బర్గ్: ఇంతకీ కొనొచ్చా?

ఐస్‌లాండ్ పియానిస్ట్ వికింగుర్ ఓలాఫ్సన్ వాయించిన, జర్మన్ స్వరకర్త బాఖ్ రాసిన గోల్డ్‌బర్గ్ వేరియేషన్స్ 2023లో డాయిచె గ్రామోఫోన్ అనే రికార్డు కంపెనీ నుంచి వచ్చింది, 2025లో గ్రామీ కూడా కొట్టింది. నేను మాత్రం సీడీ కొని ఈమధ్యే కుదురుగా విన్నాను (పెట్టె పగిలి వచ్చింది, డిస్క్‌కి ఏం కాలేదు, బతికిపోయాను).

మొదట ఒక ఆరియా (పాటలాంటి చిన్న భాగం), తర్వాత దాని మీద అల్లిన 30 వేరియేషన్లు, చివర్లో మళ్లీ అదే ఆరియా. వేరియేషన్లలో తిరిగొచ్చేది పైన వినిపించే పాట కాదు, కింద ఎడమ చేతి స్వరాల వరుస. మన కృతుల్లో ఒకే పంక్తికి సంగతులు వేస్తారు కదా, ఆ చెవితో వింటే దారి దొరుకుతుంది, కాకపోతే ఇక్కడ పైన ఉన్న పంక్తే మాయమైపోతుంది!

ఇతని గొప్పంతా వేళ్ల శుభ్రతలో ఉంది. వేగంగా పోయేవాటిలో కూడా రెండు చేతులూ విడివిడిగా వినిపిస్తాయి, ఒకే భాగాన్ని రెండోసారి వాయించేటప్పుడు మొదటిసారి వెనక దాక్కున్న గొంతును ముందుకు తెస్తాడు. 25వ వేరియేషన్ మైనర్‌లో (దిగులుగా వినిపించే స్వరశ్రేణిలో) ఉంటుంది, చాలా నెమ్మది, అది నడుస్తుంటే పొయ్యి మీద పాలు పొంగిపోయినా నేను లేవలేదు.

ఫిర్యాదు ఒకటే, కొన్నిచోట్ల మరీ నున్నగా, కడిగినట్టు ఉంటుంది. పియానిస్ట్ గ్లెన్ గౌల్డ్ ఇవే వేరియేషన్లతో 1955లో చేసిన రికార్డింగ్‌లోని ఆ పొగరు ఇందులో లేదు. అయినా కొత్తగా వినేవాళ్లకి ముందు ఇదే ఇస్తాను. హెడ్‌ఫోన్స్‌తో, రాత్రి పూట.